ఒక్కరికే చోటు

మా నాన్న సఖినేటిపల్లి రేవులో పంటు నడిపేవాడు. ఇటు గట్టున ఎక్కిన మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, కొబ్బరికాయల బస్తాలనీ అటు నరసాపురం గట్టున దింపడం, అటువాళ్ళని ఇటు తీసుకురావడం, పొద్దుటినించి చీకటి పడేదాకా అదే పని. అలాంటాయన కూతురు వాయుసేనలో హెలికాప్టరు నడపడం నేర్చుకుంటోందంటే మా ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మేక అమ్మకి కొత్త చిక్కొచ్చిపడింది. "ప్యాంటూ షర్టూ తొడుక్కుంటుందట కదండీ?" అని అడిగేవారు ఆడవాళ్ళు.

శిక్షణలో చేరేక మొదటిసారి సెలవుకి వస్తున్నప్పుడు, అమ్మ రేవు పక్కనున్న ఎస్టీడీ బూతుకి వచ్చి మరీ ఫోన్లో చెప్పింది, చీర కట్టుకునే పంటు ఎక్కాలని. నరసాపురంలో రైలు దిగి, స్టేషన్ వెయిటింగ్ రూములో ప్యాంటు విప్పి సంచిలో కుక్కి, చీర కట్టుకుని రేవుకి నడిచేను. నాన్న నన్ను చూసి, చీర చూసి, ఇంజను వైపు తిరిగిపోయేడు. ఆయన మనసు కుదుటపడిందో, నాచేత అలా చేయించినందుకు చివుక్కుమందో నాకు తెలీలేదు. గోదారి దాటేదాకా నాకు మాత్రం ఒళ్ళంతా సిగ్గేసింది. ప్యాంటు తొడుక్కున్నందుకు కాదు, విప్పినందుకు.

నేను ఆ ఉద్యోగంలోకి వెళ్ళడం ఎలా జరిగిందంటే, డిగ్రీ ఆఖరి సంవత్సరంలో అమలాపురం కాలేజీ లైబ్రరీలో పేపరు తిరగేస్తుంటే, ఆడపిల్లల్ని కూడా పైలట్లుగా తీసుకుంటామన్న ప్రకటన కనిపించింది. ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టేను. పరీక్షలు, ఇంటర్వ్యూలు, డాక్టర్లు, అన్నీ గట్టెక్కేను. నీళ్ళ మీద పుట్టి పెరిగినదాన్ని, నాకు గాలిలో కళ్ళు తిరగడమేమిటి అన్న ధీమా ఒకటి ఉండేది. మొదటిరోజు విమానం నేల వదిలి ఎంతోసేపు కాలేదు, మాస్కు పక్కకి లాక్కుని ఒళ్ళోనే వాంతి చేసుకున్నాను.

అక్కడొక ఆచారం. వాంతి చేసుకున్నవాళ్ళే విమానం కడగాలి. బకెట్టూ గుడ్డా పట్టుకుని నేను సీటు కింద వంగి తుడుస్తుంటే, మా బ్యాచ్ కుర్రాళ్ళు పక్కనించి వెళ్ళేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. నవ్వినా బాగుండేది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇలాగే సాగితే ఇంటికి పంపించేస్తారని తెలుసు. ఇంటికి పోయి ఏం చెప్పాలి? పంటు నడిపేవాడి కూతురికి గాలి పడలేదనా? డాక్టరు రోజూ నన్నో గిర్రున తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తిప్పించేవారు, అలవాటు పడడానికి. కుర్చీ దిగి గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ ఎక్కేదాన్ని. ఆ ఎండాకాలం వెళ్ళేసరికి, ఎందుకు ఆగిందో తెలీదుగానీ, ఆగింది.

ఇంకో తంటా మాటతో వచ్చింది. మా శిక్షకుడు ఉత్తరాదివారు. వెనక సీట్లోంచి ఆయన ఏం చెప్పినా హెడ్‌ఫోన్లో నేను "ఆయ్" అనేదాన్ని. కోనసీమలో పెద్దవాళ్ళు ఏది చెప్పినా మా నోట ముందు వచ్చేది అదే కదా. ఆయనకది ఇంగ్లీషులో 'నేను' అన్నట్టు వినిపించేది.

"నువ్వా? నువ్వేమిటి? చెప్పు!" అని అరిచేవారు.

కంగారులో మళ్ళీ "ఆయ్" అనేదాన్ని.

మెస్సులో ఇదొక కథైపోయింది. నేను పళ్ళెం పట్టుకుని లోపలికి అడుగుపెట్టగానే ఏ మూలనించో "ఆయ్" అని వినపడేది. పట్టుబట్టి ఆ మాటని నోట్లోంచి పీకేసుకున్నాను. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు కూడా నాన్న ఏదైనా చెబితే "సరే" అనేదాన్ని. ఆయన నాకేసి ఓసారి చూసేవాడు.

శిక్షణ పూర్తయి రెక్కల బ్యాడ్జీ పెట్టే రోజుకి అమ్మా నాన్నా రాలేదు. పంటు వదిలి రావడం కుదర్దన్నాడు నాన్న. అంతమంది ఆఫీసర్ల మధ్య ఎలా మసలాలో తెలీక జంకేడని చాలాకాలం తరవాత అమ్మ చెప్పింది.

ఆ మరుసటి వేసవిలోనే ఉత్తరాన కొండల మీద యుద్ధం మొదలైంది. చిన్న హెలికాప్టర్ల యూనిట్లో అందరికంటే చిన్నదాన్ని నేను. మా పని బాంబులు వెయ్యడం కాదు. పైకి మందులూ కిరసనాయిలూ మోసుకెళ్ళడం, పైన దెబ్బలు తగిలినవాళ్ళని కిందున్న ఆసుపత్రికి దింపడం. ఆలోచిస్తే మా నాన్న చేసే పనే. హెలికాప్టరు నడిపే బాధ్యత మా సీనియర్‌ది. నేను పక్క సీట్లో ఉండి ఆయనకి సాయం. ఆయన అవసరమైన మాట తప్ప మరోటి మాట్లాడేవారు కాదు.

అంత ఎత్తులో గాలి పలచన. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడైతే గాయపడ్డవాళ్ళని ఇద్దర్ని మోసుకు రాగలం. ఎండెక్కితే గాలి ఇంకా తేలిపోతుంది. అప్పుడు ఒక్కరినే తేగలం. రెండోవాళ్ళని ఎక్కిస్తే అసలు పైకి లేవదు, లేచినా లోయలోకి పోతుంది. ఇందులో జాలిపడ్డానికీ బతిమాలడానికీ ఏమీ లేదు.

ఒకరోజు ఎండెక్కేక పైకి వెళ్ళేం. దిగే చోటంటే పెద్దదేం కాదు, రాళ్ళు ఏరేసి చదును చేసిన నూర్పిడి కళ్ళమంత జాగా. ఇంజను ఆపకూడదు, రెక్కలు తిరుగుతూండగానే ఎక్కించుకోవాలి. సాయం పట్టడానికి నేను దిగేను. కొంచెం దూరంలో రాతిగోడ చాటున ఇద్దరు పడుకుని ఉన్నారు. ఒకాయనకి ఛాతీలో దెబ్బ, ఊపిరి తీస్తుంటే గురగురమని చప్పుడు. రెండో అతనికి తొడకి కట్టు కట్టి ఉంది. అక్కడున్న సైన్యం డాక్టరు తొడకి కట్టున్న అతని మీదకి వంగి, హిందీలో గట్టిగా అడిగేరు, ఇంకో ట్రిప్పుదాకా ఆగగలవా అని.

"ఆయ్" అన్నాడతను.

నేను గభాల్న అతని దగ్గరికి వెళ్ళేను. "మీదే ఊరండీ?" అన్నాను తెలుగులో.

అతను నన్ను చూసి లేవబోయేడు. "కొత్తపేట దగ్గరండి. మీరు?"

"రాజోలు అవతల. సఖినేటిపల్లి."

"అయితే మనవాళ్ళే" అన్నాడు. నా హెల్మెట్టూ బట్టలూ పైనించి కిందదాకా చూసి, "దీన్ని మీరు నడుపుతారాండీ?" అన్నాడు.

"ఆయ్" అన్నాను నేను.

సీనియర్ లోపల్నించి చెయ్యి ఊపుతున్నారు. ఛాతీ దెబ్బ తగిలినాయన్ని అప్పటికే మోసుకెళ్తున్నారు. "చోటు ఒక్కరికే ఉందండి. ఆయన్ని దింపేసి వెంటనే మీకోసం వస్తాం" అని అతని భుజం మీద చెయ్యేసేను. చేతికి లావుపాటి గ్లవ్స్ ఉన్నాయి.

"పర్లేదండి. ముందాయన్ని తీసుకెళ్ళండి" అన్నాడు.

ఆయన్ని దింపేం. పెట్రోలు పోయించుకునేసరికి కొండల మీదకి మబ్బు దిగిపోయింది. వెళ్ళి సగం దారిలోంచి వెనక్కి తిరిగేం. మళ్ళీ వెళ్ళేం, మళ్ళీ తిరిగొచ్చేం. సీనియర్ తల అడ్డంగా ఊపేరు. ఆ వేళకి నాకు సిగ్గూ లేదు, దుఃఖమూ లేదు. రేపు తీసుకొస్తాం కదా అనుకున్నాను. రొట్టె తిని పడుకుంటే నిద్ర కూడా పట్టింది.

పొద్దున్నే మబ్బు విడింది. మేం వెళ్ళేసరికి అతన్ని దుప్పట్లో చుట్టి, తాళ్ళతో కట్టి ఉంచేరు. కట్టు కింద రక్తం ఆగలేదని డాక్టరు చెప్పేరు. వెనక పెట్టుకుని కిందకి తెచ్చేం. దింపేక ఆ రోజు ఇంకా చాలా ట్రిప్పులున్నాయి. ఛాతీ దెబ్బాయన బతికేరని తరవాత ఎవరో చెప్పేరు.

యుద్ధం అయ్యేక సెలవు దొరికింది. మా వైపు పేపర్లో నా ఫొటో పడిందని నాకు తెలీదు. రావులపాలెంలో బస్సు దిగేసరికి అరటిగెలల లారీల మధ్య బ్యాండు మేళం నిలబడి ఉంది. టాపు తీసిన జీపులో నాన్న! తెల్ల చొక్కా, మెడలో కండువా. ఈసారి నన్ను ఎవరూ చీర కట్టుకోమనలేదు. "యూనిఫాం తెచ్చుకున్నావా అమ్మా?" అని అడిగింది అమ్మ. తెచ్చుకోలేదంటే ఆవిడ మొహం చిన్నబోయింది.

అమలాపురంలో సభ. మైకు ముందు ఒకాయన నన్ను శత్రువుల మీద బాంబులు కురిపించిన ఆడపులి అన్నాడు. జనం చప్పట్లు. సభ పెట్టిన పెద్దమనిషి నా పక్కనే కూర్చుని ఉంటే మెల్లిగా చెప్పేను, "నేను బాంబులు వెయ్యలేదండి. దెబ్బలు తగిలినవాళ్ళని దింపేను."

"మీరు ఊరుకోండమ్మా. జనానికి ఇలాగే చెప్పాలి" అన్నారాయన నవ్వుతూ.

దండలు వేసేరు, శాలువా కప్పేరు. తరవాత, "ఇప్పుడు వీరమాత గారిని వేదిక మీదకి ఆహ్వానిస్తున్నాం" అన్నారు. ముతక నేత చీర కట్టుకున్న ఒకావిడ, వెనకాల బక్కపలచటి ఆయన, బెరుగ్గా మెట్లెక్కి వచ్చేరు. ఆయన చేతిలో చట్రం కట్టించిన ఫొటో. దాన్ని చూసేను. తొడకి కట్టున్న అతను.

వాళ్ళకి చివరి కుర్చీలు వేసేరు. దండలు అయిపోయినట్టున్నాయి, నాకు వేసినవాటిలోంచి ఒకటి తీసి ఆవిడ మెడలో వేసేరు. నా మెడ ఒంటినించి విడిపోతే బాగుండుననిపించింది. అంతకు ముందు సిగ్గుపడ్డవన్నీ ఉత్త పిల్లచేష్టలని ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను. నేనేదో దొంగిలించి, దొంగిలించిన ఇంటివాళ్ళ ఎదురుగానే దాన్ని తొడుక్కుని కూర్చున్నట్టుంది.

ఫొటోలకి నిలబెట్టినప్పుడు ఆవిడ నా పక్కకి వచ్చి, నెమ్మదిగా అడిగింది. "మా వాడు మీకక్కడ ఎక్కడైనా కనిపించేడామ్మా? చాలా పెద్ద చోటంట కదా."

"రేపు మీ ఇంటికొస్తానండి" అన్నాను.

మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళేను. ఆవిడ భర్త రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోస్తారు. ఆ రోజు పనికి వెళ్ళలేదు. ఇంటి ముందు గది, ఓ మంచం, గోడకి ఆ ఫొటో, నిన్న నా మెడలోంచి వెళ్ళిన దండ దానికి వేసి ఉంది. నేను నేలమీద కూర్చుంటానంటే ఆవిడ ఒప్పుకోలేదు, మంచం మీద దుప్పటి పరిచింది.

జరిగింది జరిగినట్టు చెప్పేను. ఎండెక్కిన సంగతి, ఒక్కరికే చోటున్న సంగతి, మబ్బు పట్టిన సంగతి. "వస్తామని చెప్పి రాలేకపోయేమండి. పొద్దున్న మేమే కిందకి తీసుకొచ్చేం" అన్నాను. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు.

"ముందాయన్ని తీసుకెళ్ళమని మా వాడే అన్నాడా?" అని అడిగేరాయన.

"అవునండి."

"అనకపోతే?"

"అనకపోయినా ఆయన్నే తీసుకెళ్ళేవాళ్ళమండి" అన్నాను.

ఆయన లేచి అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నారు. నేను ఉన్నంతసేపూ మళ్ళీ లోపలికి రాలేదు.

ఆవిడ మాత్రం కదల్లేదు. "చలేసిందా వాడికి?" అంది.

"దుప్పట్లు కప్పేరండి."

"మీరు ముట్టుకున్నారా వాణ్ణి?"

"భుజం మీద చెయ్యేసేనండి."

తల ఊపి, లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. అరటిదూట పెరుగు పచ్చడి, చారు. నా ఎదురుగా కూర్చుని నేను ముద్ద మింగుతున్నప్పుడల్లా నా కుడిచేతికేసి చూస్తూనే ఉంది.

వాయుసేనలో పైలట్‌గా నా ఒప్పందం ఏళ్ళు అయ్యేక బయటికి వచ్చేసి, రాజమండ్రినించి సముద్రంలో చమురు రిగ్గులకి మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్లు నడిపేను. అమలాపురంలో లెక్కలు చెప్పే ఆయన్ని పెళ్ళి చేసుకున్నాను. సన్మానాలంటే ఏదో వంక చెప్పి తప్పించుకునేదాన్ని. కొత్తపేట దగ్గరి ఆ ఇంటికి మాత్రం వీలైనప్పుడల్లా వెళ్ళేదాన్ని. ఆయన అరుగు మీద ఉంటే "వచ్చేరా అమ్మా" అనేవారు, అంతే.

కొన్నేళ్ళకి ఆ ఊరి సెంటర్లో అతని విగ్రహం పెట్టేరు. నన్ను రమ్మన్నారు. ఆ పిలుపు తప్పించుకోలేకపోయేను. ముసుగు తీసేక తల్లిగారిని రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చేరు. ఆవిడ నన్ను దగ్గరికి లాక్కుని, జనంతో అంది:

"నా కొడుకు దిక్కులేకుండా పోలేదండి. ఈ అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని పోయేడు."

జనం కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో నా కాళ్ళకి దణ్ణం పెట్టేరు. నేను వెనక్కి తగ్గితే, కాళ్ళు దొరక్క నేలకే మొక్కేరు. ఆవిడ భర్తకేసి చూసేను. ఆయన కొడుకు విగ్రహం కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు.

జనం పల్చబడ్డాక ఆయన నా దగ్గరికి వచ్చేరు. అన్నేళ్ళలో తనంతట తను వచ్చి మాట్లాడ్డం అదే మొదలు.

"ఆవిడ మాట దిద్దకండమ్మా."

"నేను అలా చెప్పలేదండి ఎప్పుడూ" అన్నాను.

"తెలుసండి. నేను విన్నాను కదా ఆ రోజు, అరుగు మీదనించి అన్నీ విన్నాను. మిమ్మల్ని ఏమీ అనుకోలేదని అబద్ధం చెప్పను. అనుకున్నాను. గెలలు మోసేటప్పుడు కూడా అదే తలుచుకునేవాణ్ణి, ఇంకొక్క మనిషిని మొయ్యలేని మిషనేమిటని. ఇప్పుడు ఓపిక లేదు అనుకోడానికి. కానీ ఆవిడకి రాత్రుళ్ళు నిద్ర పడుతోంది, ఈ మాట కుదిరిన కాణ్ణించి. మీరు దిద్దకండి."

"సరేనండి" అన్నాను.

ఆయన పోయి చాలా కాలమైంది. అసలు ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇక నేనొక్కదాన్నే. మా అమ్మానాన్నలకి కూడా చివరికి ఆ ఒళ్ళో పోయిన కథే మిగిలింది. నాన్న పంటు మీద ఎక్కినవాళ్ళకల్లా చెప్పేవాడు. "అలా జరగలేదు నాన్నా" అని ఓసారి అన్నాను. "నువ్వలాగే అంటావులే, గొప్ప చెప్పుకోవు" అని మురిసిపోయేడు. నిజం చెబితే నా గొప్ప ఇంకాస్త పెరిగింది. ఆ తరవాత ఎవరికీ చెప్పలేదు.

మొన్న వానాకాలం ఆవిడని చూడ్డానికి వెళ్ళేను. చూపు బాగా తగ్గింది. నా గొంతుని బట్టి గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళింది. అక్కడ కొత్తకోడలు వచ్చిందట, నన్ను చూపించాలట. ఆ పిల్ల మోడా వేసి కాఫీ ఇచ్చింది. ఆవిడ మొదలుపెట్టింది. ఈసారి కథ ఇంకా పొడుగైంది. నేను నా కోటు విప్పి కప్పేనట. వాడు అమ్మా అని పిలిస్తే నేను పలికేనట. వాడికి నేను అమ్మలా కనిపించేనట.

"నిజమేనాండీ?" అంది కొత్తకోడలు, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

ఆవిడ నా చెయ్యి ఇంకా వదల్లేదు. చూపు ఆనని కళ్ళు నావైపు తిప్పి ఉన్నాయి. నాకు చెవులు వేడెక్కేయి. తల ఊపేను. ఊపినట్టు ఆవిడకి కనపడదని గుర్తొచ్చి, "అవునండి" అని పైకే అన్నాను.

ఇంటికొచ్చేక మా ఆయన అడిగేరు, ఎలా ఉన్నారావిడ అని. బాగానే ఉన్నారని చెప్పి, తడిసిన చీర మార్చుకోడానికి లోపలికి వెళ్ళేను.